అరవని కుక్కకే ముందు మందు

మొన్న కోదాడ చర్చిలో మత్తయ్య సంతాప సభ జరిగింది. ఒక పెద్దమనిషి లేచి, "మత్తయ్యగారు శాంతమూర్తి. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అన్నాడు. వెనక బెంచీ మీద కూర్చున్న నాకు ఒళ్లు మండిపోయింది. శాంతమూర్తా? నా బొంద! అంతటి కోపిష్టిని నేను నా జన్మలో చూడలేదు. లేచి ఆ మాటే చెబుదామనుకున్నాను. ఈ పాడు మోకాళ్లతో నేను లేచేలోపు పాట ఎత్తుకున్నారు. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను. మనిషి పోయాక అతని కోపాన్ని కూడా తుడిచేసి, మెడలో దండ వేసి కూర్చోబెడితే, అక్కడ కూర్చున్నది ఎవరో అతనే పోల్చుకోలేడు.

ఇంకొక సంగతి. ఆ కోపంలో సగం నా మీదే. దానికి నేను తగినవాణ్ణే. అది కూడా రాయకపోతే ఆ పెద్దమనిషికీ నాకూ తేడా ఏముంది?

నా పేరు రామనర్సయ్య. నిజాం జమానా చివరి రోజుల్లో సూర్యాపేట పశువుల దవాఖానలో కాంపౌండరును. మందులు కలపడం, సీసాలు సర్దడం నా పని. మందుల అలమారా తాళంచెవి నా మొలతాడుకు వేలాడేది. దాన్ని చూసుకుని నేను కలెక్టరునన్నట్టు నడిచేవాణ్ణి. మత్తయ్య అక్కడే డ్రెస్సరు. పుండ్లు కడిగేవాడు, కట్లు కట్టేవాడు, కొమ్ము విరిగిన ఎద్దునైనా కరిచే కుక్కనైనా పట్టి ఆపేవాడు. కోదాడ మాదిగ గూడెంలో పుట్టి, మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివి, మిర్యాలగూడ పశువుల దవాఖానలో ఊడ్చే పనికి చేరాడట. ఊడుస్తూ ఊడుస్తూ పక్కనుంచి చూసి కట్టు కట్టడం నేర్చాడు. పదేళ్ల తర్వాత మా సూర్యాపేటకు బదిలీ చేశారు. కోదాడ మనిషి కాబట్టి మాటలో కొంచెం ఆంధ్ర యాస తగిలేది. మా బంట్రోతులు ఆ యాసను వెక్కిరించేవాళ్లు. అతను పట్టించుకునేవాడు కాదు. అతనికి కోపం తెప్పించేవి వేరే ఉన్నాయి.

దవాఖానకు కుక్కలు తక్కువే వచ్చేవి. ఎడ్లు, గుర్రాలు, బర్రెలు వచ్చేవి. కుక్కను తెచ్చేవాడు పెద్ద దొరైనా అయి ఉండాలి, లేదా ఆ కుక్క లేకపోతే బతకలేని గొల్లవాడైనా అయి ఉండాలి. ఎవరు తెచ్చినా మత్తయ్య మొదట పుండు చూడడు. దూరంగా గొంతుకూర్చుని కుక్కను చూస్తాడు. చెవులు వెనక్కు గుంజుకున్నాయా, కడుపు లోపలికి పట్టి చిన్న చిన్నగా ఊపిరి తీస్తున్నదా, గడ్డం నేలకు ఆనించి పడుకోగలుగుతున్నదా, యజమాని పిలిస్తే తోక కదులుతున్నదా, ఇవన్నీ చూస్తాడు. ఒక్కోసారి ఆ చూడటానికే గంట పట్టేది.

"పుండు కనపడుతూనే ఉంది గదా, ఏం చూస్తున్నావ్?" అని అడిగాను ఒకసారి.

"పుండు మీకూ కనపడుతుంది కంపోండరు గారూ. నొప్పి కనపడదు. దాన్ని వెతుక్కోవాలి" అన్నాడు.

ఒక నూనె వర్తకుడు తన కాపలా కుక్కను తెచ్చి, "ఇది మొండి ఘటం. తన్నినా అరవది. దీనికి నొప్పే తెల్వది" అని గొప్పగా చెప్పాడు. దాని దవడ కింద చీముగడ్డ నిమ్మకాయంత ఉంది. మత్తయ్య లేచి నిలబడ్డాడు. "షావుకారు గారూ, మీకు పన్ను పోటు వచ్చినప్పుడు అంగట్లో గిరాకీల ముందు కూర్చుని ఏడుస్తారా? ఏడవరు గదా. అంటే మీకూ పోటు తెలియదన్నట్టేనా?" అన్నాడు. షావుకారు మొహం మాడిపోయింది. తిన్నగా మా డాక్టరు సాబ్ దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాడు. వారం పాటు మత్తయ్య చేత గుర్రాల కొట్టం ఊడ్పించారు. అతను ఊడుస్తూనే, పనైపోగానే వచ్చి ఆ కుక్క గడ్డకు కాపడం పెట్టి పోయేవాడు. ఇదీ మీ శాంతమూర్తి.

నలభై ఆరులో, ఎండలు మండుతున్న వైశాఖంలో, పెన్‌పహాడ్ నుంచి గొల్ల కాటయ్య వచ్చాడు. గొంగడిలో ఏదో చుట్టి భుజాన మోసుకొచ్చాడు. అన్ని మైళ్లు ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. దవాఖాన వసారాలో గొంగడి దించి విప్పితే లోపల తెల్లమచ్చల కుక్క. వెనక కాలు మోకాలి కింద విరిగి వేలాడుతోంది. తొడ మీద పళ్ల గాట్లు. ఆ గాట్ల పక్కన, తుంటి మీద, మూడు నల్లటి చారలు.

"తోడేలు మంద మీద పడ్డది సారూ" అన్నాడు కాటయ్య నాతో. "మా బొల్లిగాడు అడ్డం పోయిండు. ఆడు లేకుంటె నా మంద సగం ఖతం. నాల్గు దినాలాయె. రెండు దినాలు ఒక్కటే ఏడుపుండె. వాతలు పెట్టినం. ఇగ మంచిగైంది, నోరు మూసిండు. గా కాలొక్కటి జర కట్టియ్యుండ్రి, తోల్కపోత."

నాకేమీ తప్పనిపించలేదు. నిజం చెబుతున్నాను. వాతలు పెట్టడం మా దగ్గర ఉన్నదే. పశువుకు నొప్పి వస్తే కొడవలి ఎర్రగా కాల్చి వాత పెడతారు, ఆ మంట లోపలి నొప్పిని బయటికి గుంజుతుందని నమ్మకం. కుక్క నిజంగానే అరవడం లేదు. కళ్లు తెరుచుకుని రాయిలా పడుకుని ఉంది. బాగానే ఉందనుకున్నాను.

మత్తయ్య ఎప్పటిలాగే ఎదురుగా గొంతుకూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల తిప్పకుండానే అడిగాడు.

"మొదటి వాత ఎందుకు పెట్టావు కాటయ్యా?"

"నొప్పి గుంజుతదని."

"రెండోది?"

"మల్ల అరిసెనని."

"మూడోది?"

"గదీ అరిసెననే."

"నాలుగోది పెట్టలేదేం?"

కాటయ్య నవ్వాడు, పాపం. "అరవలేదు గద!"

మత్తయ్య ఒక్కసారిగా లేచాడు. అతని గొంతు అంత గట్టిగా నేను అంతకుముందు వినలేదు. "అరిస్తే కొడవలి వస్తుందని దానికి తెలిసిపోయింది! నాలుగు కాళ్ల జీవం, నీ మంద కోసం తోడేలుకు ఎదురుపోయిన జీవం, అది ఏడిస్తే కాల్చావు, మళ్లీ ఏడిస్తే మళ్లీ కాల్చావు. ఇప్పుడు ఏడవలేక పడుకుంటే మంచిగైందంటావా? దాని చెవులు చూడు. ఆ ఊపిరి చూడు. నాలుగు రోజుల నుంచి అది గడ్డం నేలకు ఆనించలేదు, నాకు తెలుసు. మా నాయన్ని మా ఊరి దొర గడీలో కొట్టినప్పుడు మొదట అరిచాడు. అరిచినందుకు ఇంకా కొట్టారు. తర్వాత అరవలేదు. దెబ్బలు తగ్గి కాదు, తెలిసిందా?"

కాటయ్య కుక్క పక్కన కూలబడి, "బొల్లిగా, నాకు ఎరుక లేదురా" అన్నాడు. దాని తల మీద చెయ్యి వేయబోతే, కుక్క ఆ చెయ్యిని చూసి కళ్లు మూసుకుంది. కాటయ్య ఏడ్చాడు. ముప్పై ఏళ్లు దాటిన మగవాడు, దవాఖాన వసారాలో అందరి ముందూ ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు.

అప్పుడు మత్తయ్య నా వైపు తిరిగాడు. "కంపోండరు గారూ, మార్ఫియా ఒక్క బిళ్ళ. అది వేస్తే గాని కాలు కట్టలేం. నొప్పికి కండ బిగుసుకుని ఉంది, ఎముకను చోటుకు రానివ్వదు. మందు పడితే కండ వదులుతుంది, పని రెండు నిమిషాల్లో అయిపోతుంది."

మార్ఫియా అంటే సన్నటి గాజు గొట్టాల్లో వచ్చే చిన్న చిన్న బిళ్ళలు. కాచిన నీళ్లలో కరిగించి సూదితో ఎక్కిస్తారు. అలమారా పై అరలో అలాంటి గొట్టాలు రెండున్నాయి. గొట్టానికి ఇరవై బిళ్ళలు. డాక్టరు సాబ్ రెండు రోజుల కిందటే మిర్యాలగూడ దౌరాకు పోతూ నాతో చెప్పాడు: దొరగారి వేటకుక్క షేరూకు మెడ మీద కంతి కోయాలి, తను వచ్చేదాకా ఆ గొట్టాలు ముట్టుకోవద్దు. దొర అంటే ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ గుప్పిట్లో పెట్టుకున్న దేశ్‌ముఖ్. అతని పేరు చెబితే మా డాక్టరు సాబే లేచి నిలబడేవాడు.

నలభై బిళ్ళలున్నాయి. ఒక కుక్కకు ఒకటి చాలు. షేరూకు ఒకటి పోగా ముప్పై ఎనిమిది మిగులుతాయి. ఈ లెక్క రాని మొద్దును కాదు నేను. కానీ డాక్టరు సాబ్ వచ్చి అడుగుతాడు, ఎవరికి వేశావంటాడు, గొల్లవాడి కుక్కకు అని చెప్పాలి. ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. భయమని ఒప్పుకోవడానికి కూడా ధైర్యం లేదు. అందుకని కాటయ్య వైపు చూసి, జాలిపడుతున్నట్టు మొహం పెట్టి, "మందు లేదు కాటయ్యా. అయిపోయింది. పట్నం నుంచి రావాలె" అన్నాను.

మత్తయ్య నన్ను చూశాడు. ఉందని అతనికి తెలుసు. ఆ గొట్టాలు వచ్చిన పెట్టె పగలగొట్టింది అతనే. ఏదో అనబోయి నా మొలతాడు వైపు చూశాడు, పళ్లు కొరుక్కుని ఊరుకున్నాడు. డ్రెస్సరు చెయ్యెత్తి కాంపౌండరు నడుము మీది తాళంచెవి లాక్కుంటే ఆ రోజుల్లో నౌకరీతో పోదు, జైలే. అతనికి పెళ్లాం లచ్చమ్మ, ఇద్దరు పిల్లలు. ఈ సంగతి కూడా నాకు తెలుసు. తెలిసే చెప్పాను ఆ అబద్ధం.

మందు లేకుండానే కట్టాం. ఎముక గుంజగానే బొల్లిగాడు రెండు రోజుల మౌనం వదిలి ఒక్క అరుపు అరిచాడు. ఆ అరుపుకు బయట ఎద్దులు తాళ్లు తెంపుకోబోయాయి. నేను ఏం చేశానో తెలుసా? గుడ్డ పీలిక తీసుకుని దాని మూతి గట్టిగా బిగించి కట్టాను. కరుస్తుందని అన్నాను. నిజానికి ఆ అరుపు నేను వినలేకపోయాను.

"గుడ్డ వదులు చెయ్యండి!" అని మత్తయ్య అరిచాడు. రెండు చేతులతో కాలు పట్టుకుని ఉన్నాడు, వదిలితే ఎముక జారుతుంది. "కుక్కకు చెమట పట్టదు కంపోండరు గారూ, నాలుక బయటపెడితేనే దాని వేడి దిగుతుంది. ఈ ఎండలో మూతి కడితే చచ్చిపోతుంది!"

"కరిస్తే ఎవడిది బాధ్యత?" అన్నాను నేను.

కండ వదలక, ఎముక కూడక, రెండు నిమిషాల పని ముప్పావుగంట పట్టింది. కట్టు పూర్తయి, మత్తయ్య చేతులు ఖాళీ అయి, ఆ గుడ్డ తెంపేసరికి కుక్క నాలుక ఊదారంగుకు తిరిగింది. తడి గోనెసంచులు కప్పాడు, నీళ్లు పోశాడు, రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాడట. మరునాడు పొద్దెక్కేసరికి బొల్లిగాడు చచ్చిపోయాడు.

కాటయ్య మళ్లీ అదే గొంగడిలో చుట్టుకున్నాడు. పోతూ పోతూ నాకు దండం పెట్టాడు. "మందే లేకపాయె, మీరేం జేస్తరు సారూ. నేనే కాల్చి సంపుకున్న" అన్నాడు. నేను ఆ దండం తీసుకున్నాను. అంతటితో కాలేదు. పదిహేను రోజుల తర్వాత వచ్చి, తన మంద ఉన్నితో నేసిన కొత్త గొంగడి ఒకటి నా చేతిలో పెట్టాడు. నా కుక్క కోసం కష్టపడ్డారని! సిగ్గులేని చేతులు నావి, అదీ తీసుకున్నాను. దాన్ని దవాఖానలో నా కుర్చీ మీద పరుచుకుని కూర్చునేవాణ్ణి.

గొంగడి ఇచ్చి కాటయ్య వెళ్లిపోయాక మత్తయ్య నా ముందుకు వచ్చాడు. ఈసారి అరవలేదు. "అతను తన చేత్తో చంపుకున్నానని అనుకుంటున్నాడు. జీవితాంతం అనుకుంటాడు. మందు ఉందని నేను చెప్పను. చెబితే అతను ఇప్పుడే గొడ్డలి తెస్తాడు, అతణ్ణి దొర మనుషులు చంపుతారు. కానీ ఆ మాట అతనికి ఎప్పుడో ఒకప్పుడు మీరే చెప్పాలి. మీ నోటితో" అన్నాడు. ఆ తర్వాత రెండేళ్లు అతను నాతో పనిమాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

బొల్లిగాడు చచ్చిన మూడో రోజున షేరూ వచ్చాడు. గుర్రపుబండిలో, పరుపు మీద. డాక్టరు సాబ్ అడగ్గానే నేను పరుగున పోయి అలమారా తీశాను. ఒక బిళ్ళ కాదు, మంచిదని ఒకటిన్నర వేశారు. కుక్క పసిబిడ్డలా నిద్రపోయింది. కంతి కోసి, కుట్టి, విసనకర్రతో విసిరారు. దాని తల ఒళ్లో పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టింది మత్తయ్యే. బొల్లిగాణ్ణి ఎంత మెత్తగా పట్టుకున్నాడో దీన్నీ అంతే మెత్తగా పట్టుకున్నాడు. అది చూసి నేను, వీడికి పౌరుషం లేదా అనుకున్నాను. నేను! పౌరుషం గురించి!

ఆ షేరూయే మరుసటి ఏడు లచ్చమ్మను కరిచింది. వెట్టికి గడీలో వడ్లు చెరగడానికి పోయిన ఆడవాళ్లు ఆలస్యంగా వచ్చారని దొర అరుగు మీద కూర్చుని కుక్కను ఉసిగొల్పాడు. లచ్చమ్మ పిక్క కండ ఊడి వచ్చింది. మూడు నెలలు మంచంలో ఉంది. మానినా కాలు ఈడుస్తూనే నడిచేది. ఆ మూడు నెలలూ మత్తయ్య కోపం అతని మెడ నరాల్లో కనిపించేది.

నలభై ఎనిమిది వచ్చింది. ఊళ్లల్లో జనం తిరగబడ్డారు. ఒక రోజు దొర పెట్టెలు సర్దుకుని, కార్లెక్కి, పట్నం పారిపోయాడు. షేరూను కట్టుకొయ్యకు వదిలేసి పోయాడు. గొలుసు తెంపుకుని అది వీధులు పట్టింది. మా డాక్టరు సాబ్ కూడా సెలవు పెట్టి పట్నం పోయాడు. దవాఖానలో నేనూ, మత్తయ్యా, నా తాళంచెవీ మిగిలాం.

ఎండ ఇంకా ఎక్కని పొద్దున, వీధిలో గోల వినిపించింది. మత్తయ్య పరుగులాంటి నడకతో వస్తున్నాడు. చేతుల మీద షేరూ. దాని ముందు కాలు రాళ్ల దెబ్బకు నుజ్జయింది, పక్కటెముకల దగ్గర రక్తం. అరవడం లేదు. వెనకాల పది పన్నెండు మంది, చేతుల్లో కట్టెలు. వాళ్లల్లో కాటయ్య ఉన్నాడు.

మత్తయ్య నేరుగా లోపలికొచ్చి కుక్కను బల్ల మీద దించాడు. జనం గడప దగ్గర ఆగారు. "బయట పడెయ్ దాన్ని! దొర కుక్కకు సేవ జేస్తున్నవా? గదే నీ పెండ్లాన్ని కరిసింది గదరా!" అని ఒకడు అరిచాడు.

అప్పుడు లచ్చమ్మ వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ జనం మధ్య నుంచి దారి చేసుకుని వచ్చి, గడప మీద కూర్చుంది. లోపలికి పోవాలంటే ఆమెను దాటాలి. "కరిసింది కుక్కే. ఉసిగొల్పిందెవడో మీకెరుక లేదా?" అంది. "ఆడు పట్నంల పరుపు మీద పన్నడు. శాతనైతె పోయి ఆణ్ణి కొట్టుండ్రి. కాలిరిగినదాన్ని కొట్టెటందుకు ఇంతమందా? థూ!"

మత్తయ్య నా వైపు తిరిగాడు. "మార్ఫియా ఒక్క బిళ్ళ" అన్నాడు. రెండేళ్ల కిందటి మాటే, అదే గొంతు.

నా నోట్లో నుంచి కూడా రెండేళ్ల కిందటి మాటే వచ్చింది. "మందు లేదు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. కట్టెలు చూసి కొంత భయం, దొర మీద కొంత కచ్చ, అన్నిటికంటే ఎక్కువగా, గుంపులో కాటయ్య మొహం. అలమారా తీస్తే ఆ గొట్టాలు అతనికి కనపడతాయి.

మత్తయ్య దగ్గరికొచ్చాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అప్పుడు గొల్లవాడి కుక్క అని తియ్యలేదు. ఇప్పుడు దొర కుక్క అని తియ్యరు. ఏ కుక్కకు నొప్పి పుడితే మీ తాళం తెరుచుకుంటుందో చెప్పండి కంపోండరు గారూ, ఆ కుక్కనే వెతికి తెస్తాను!"

"కాటయ్య ఉన్నాడు బయట" అన్నాను, అతనికి మాత్రమే వినపడేట్టు.

"చూశాను. అందుకే తియ్యండి" అన్నాడు.

బల్ల మీద షేరూ చెవులు వెనక్కు గుంజుకుని ఉన్నాయి. కడుపు లోపలికి పట్టి, చిన్న చిన్నగా ఊపిరి తీస్తోంది. గడ్డం బల్లకు ఆనడం లేదు. రెండేళ్లు మత్తయ్య పక్కన కూర్చున్నాను గదా, ఇష్టం లేకపోయినా నాకూ చూపు వచ్చింది. చూడకుండా ఉండలేకపోయాను. మొలతాడుకున్న తాళంచెవి తీసి అలమారా తెరిచాను.

పై అరలో గొట్టాలు రెండూ అక్కడే ఉన్నాయి. ఒకటి మూత కూడా తీయలేదు. రెండోది దాదాపు నిండుగానే ఉంది. మత్తయ్య చెంచాలో నీళ్లు కాచి బిళ్ళ కరిగించాడు. సూదిలోకి తీస్తుంటే కాటయ్య లచ్చమ్మను అడిగి గడప దాటి లోపలికి వచ్చాడు. కట్టె ఇంకా చేతిలోనే ఉంది.

"గదేం మందు సారూ?"

"నొప్పి తెలియకుండా నిద్రపట్టే మందు" అన్నాను.

"బొల్లిగానికి అడిగినం, గదేనా?"

"అదే."

"గప్పుడు లేకుండె గద. ఎన్నడొచ్చింది?"

మత్తయ్య సూది పట్టుకుని నిలబడ్డాడు. నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకూడదు కూడా. బయట గుంపు, గడప మీద లచ్చమ్మ, అందరూ నన్నే చూస్తున్నారు.

"అప్పుడూ ఉంది కాటయ్యా" అన్నాను. "గొట్టాలు రెండూ ఉన్నాయి. దొర కుక్క కోసం దాచి పెట్టాను. ఈ కుక్క కోసమే. నీతో లేదని అబద్ధం చెప్పాను."

కట్టె ఎత్తుతాడనుకున్నాను. ఎత్తి ఉంటే ఎంత బాగుండేదో! కాటయ్య నా కుర్చీ వైపు చూశాడు. దాని మీద తన గొంగడి పరిచి ఉంది. దాన్ని చూస్తూనే అన్నాడు.

"నేనైతె ఎరుక లేక కాల్చిన సారూ. మీరు ఎరుక ఉండి తియ్యకపోతిరి."

కట్టెను మూలకు ఆనించాడు.

"కాటయ్యా, దీన్ని కదలకుండా పట్టుకునే మనిషి కావాలి" అన్నాడు మత్తయ్య. కాటయ్య పోయి కుర్చీ మీది గొంగడి లాగి, దుమ్ము దులిపి, మడత పెట్టి దాని తల కింద పెట్టాడు. రెండు చేతులతో మెడ పట్టుకున్నాడు. మత్తయ్య సూది వేశాడు. నేను అలవాటుగా గుడ్డ పీలిక కోసం చెయ్యి చాచాను.

"వద్దు. మూతి కట్టద్దు" అన్నాడు కాటయ్య, నా మొహం చూడకుండా.

కాసేపటికి షేరూ చెవులు ముందుకు వాలాయి. ఊపిరి నింపాదిగా అయ్యింది. గడ్డం గొంగడికి ఆనించి, కళ్లు మూసుకుంది. మత్తయ్య ఎముకను చోటుకు తెచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టాడు. నిజంగానే రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ కాటయ్య కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. రెండు చేతులూ కుక్క మెడ మీద ఉండటంతో తుడుచుకోలేదు.

"మత్తన్నా, గింతేనా పని?" అని అడిగాడు.

"ఇంతే కాటయ్యా" అన్నాడు మత్తయ్య.